హైమ పుస్తకంలో తప్పు కోసం

విజయనగరం, శ్రీకాకుళం చూసొచ్చినవాళ్ళు కొండల గురించీ జీడితోటల గురించీ సముద్రం గురించీ రాస్తారు. అవన్నీ నేనూ చూశాను, బాగానే ఉన్నాయి. కానీ నేను వెళ్ళింది వాటి కోసం కాదు. ఒక పుస్తకంలో తప్పు దొరుకుతుందేమోనని వెళ్ళాను. దాచుకోవడం ఎందుకు, ఆ పుస్తకం నేను రాసింది కాకపోవడమే నా బాధ.

రాసింది హైమవతి. మేమిద్దరం ఒకే యూనివర్సిటీలో, ఒకే శాఖలో పాఠాలు చెప్తాం. ఒకే గురువుగారి దగ్గర పరిశోధన చేశాం. నేను ముందు, తను వెనక. సబ్జెక్టు కూడా ఒకటే. వేరు వేరు అలవాట్ల మనుషులు మాట్లాడుకున్నప్పుడు ఒకరి మాట ఇంకొకరికి ఎంత చేరుతుంది, ముఖ్యంగా జబ్బుల గురించీ మందుల గురించీ పత్రికలూ టీవీలూ డాక్టర్లూ చెప్పేది జనానికి ఎలా అందుతుంది, ఇదీ మా చదువు. నేను ఇరవై ఏళ్ళు లైబ్రరీల్లో కూర్చుని పాత పత్రికల్లో ఆరోగ్యం పేజీలు తిరగేశాను. దుమ్ముకి ఆయాసం వచ్చింది గాని పేరు రాలేదు. హైమ శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరికి వెళ్ళి, అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళతో కబుర్లాడింది. ఆ కబుర్లు పుస్తకమయ్యాయి. ఆ పుస్తకం పట్టుకుని తను తిరగని దేశం లేదు.

అందులో చెప్పింది ఏమిటంటే, అక్కడి ఆడవాళ్ళు తమ జబ్బు మొగుడికి చెప్పరు, అత్తకి చెప్పరు, డాక్టరు ఎదుట కూర్చున్నా నోరు విప్పరు. నేస్తానికి చెప్తారు. నేస్తం అంటే మనవైపు అనుకునే స్నేహితురాలు కాదు. అమ్మవారి దగ్గర పువ్వులు మార్చుకుని కట్టుకునే బంధం అది. కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. ఆ నేస్తమే ఆసుపత్రికి వెంట వచ్చి, పక్కన నిలబడి, రోగి బదులు రోగం చెప్తుంది. కాబట్టి ఆరోగ్యం గురించి ఎవరికైనా ఏదైనా చెప్పదలుచుకుంటే ముందు నేస్తానికి చెప్పండి అంటుంది హైమ. ఇంతే సంగతి. ఈ ముక్క నాకెందుకు తట్టలేదని నేను కుమిలిపోని రోజు లేదు.

ఈ ఏడు మా యూనివర్సిటీలో ఆరోగ్య సమాచారానికి ఒక కొత్త కేంద్రం పెట్టారు. దానికి డైరెక్టరు కావాలి. దరఖాస్తు పెట్టింది మేమిద్దరమే. ఇంటర్వ్యూ ఇంకా నెల ఉందనగా హైమ నా గదిలోకి వచ్చి, "ఒకసారి ఊరెళ్ళొస్తున్నాను విమలక్కా, నువ్వూ రాకూడదూ?" అంది. పోటీలో ఉన్నదాన్ని పిలవడానికి ఎంత ధీమా ఉండాలో చూడండి. ఆ ధీమాకే ఒళ్ళు మండి వస్తానన్నాను. ఆ పుస్తకంలో ఒక్క తప్పు దొరికితే చాలు, ఇంటర్వ్యూలో ఎత్తిచూపితే ఆ కుర్చీ నాదే.

విజయనగరం

మార్గశిరం. తెల్లవారాక రైలు దిగాం. స్టేషను బయట టిఫిను బండి దగ్గర నిలబడ్డామో లేదో, బండాయన హైమని చూసి గరిటె పక్కన పెట్టేశాడు.

"ఏటమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినామా?"

"పాప కాలేజీలో చేరిందా అన్నయ్యా?" అంది హైమ.

"సేరినాది. నువ్వు సెప్పిన కోర్సే తీసుకున్నాది."

నేను మా గుంటూరులో ఒకే హోటల్లో ఎన్నేళ్ళుగానో కాఫీ తాగుతున్నాను. ఆ హోటలాయనకి నా పేరు కూడా తెలియదు. ఇడ్లీ ప్లేటు ముప్ఫై రూపాయలు. నా దగ్గర తీసుకున్నాడు, హైమ దగ్గర వద్దన్నాడు. చట్నీ విషయానికొస్తే, మావైపు పచ్చడి నోట్లో పెడితే కళ్ళమ్మట నీళ్ళు రావాలి. ఇక్కడ కొబ్బరీ అల్లమూ కాస్త తీపీ తగులుతూ హాయిగా ఉంది. ఆ మాట పైకి అనడం ఇష్టంలేక "కారం చాల్లేదు" అన్నాను.

మధ్యాహ్నం భోజనం సుభద్రమ్మగారింట్లో. ఆవిడ వీణ నేర్పుతారు. ఆ ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా ఏదో ఒక ఇంట్లోంచి సరళీ స్వరాలు వినపడతాయి. హైమ తొలిసారి ఈ జిల్లాలకి వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లోనే ఉండేదట. ఆవ పెట్టిన అరటికాయ కూర వడ్డించారు. ఆ ఆవ ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కింది. మావైపు ఆవకాయలో తప్ప ఆవని ఇంత ధైర్యంగా వాడటం చూడలేదు. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తింటున్నంతసేపూ ఆవిడ హైమ పుస్తకం గురించే. ఎవరెవరు చదివారో, ఎవరు మెచ్చుకున్నారో అన్నీ చెప్పి, చివరికి నా వైపు తిరిగారు.

"మీరూ ఏదైనా పుస్తకం రాశారా అమ్మా?"

"రాశానండి. ఎవరూ చదవలేదు."

"పోనీలెండి" అని ఆవిడ నా విస్తట్లో ఇంకో గరిటె కూర వేశారు. ఓదార్పుకి వేసిన కూర కూడా బాగానే ఉందని ఇక్కడ రాయక తప్పదు.

శృంగవరపుకోట

మర్నాడు కోట సంత. కొండల మీంచి దిగిన వాళ్ళు పసుపు కొమ్ములూ చీపుళ్ళూ అడ్డాకుల కట్టలూ పరుచుకుని కూర్చున్నారు. బేరం ఆడేవాళ్ళు అరుస్తున్నారు, అమ్మేవాళ్ళు మాత్రం నెమ్మదిగా ఉన్నారు. నేను చీపురు కట్ట బేరమాడి గెలిచాననుకున్నాను. హైమకి అదే కట్టతో పాటు గుప్పెడు పసుపు కొమ్ములు ఊరికే ఇచ్చింది ఆ అమ్మి.

ఇక్కడే నాకు పరాభవం జరిగింది. సంత పక్కన ఒక వరండాలో ఆరోగ్య కార్యకర్త ఒకామె పది మంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఫోనులో వీడియో చూపిస్తోంది. గొంతు విని ఆగాను. అది నా వీడియో. రక్తపోటు మాత్రలు మధ్యలో మానకూడదని నేను మాటలు రాసి, తీయించిన చిన్న చిత్రం. డాక్టరమ్మ వేషం వేసినామె చక్కగా, స్పష్టంగా, నేను రాసింది రాసినట్టు చెప్తోంది. నా గుండె కొంచెం పొంగింది. హైమని చెయ్యి పట్టి ఆపి, "ఇది నాదే" అన్నాను.

వీడియో అయిపోయింది. ముందు కూర్చున్నామె అడిగింది: "ఏ సీరియలిది?"

"ఆ యమ్మ సీర బాగున్నాది" అంది పక్కనామె.

"సీర సరే, ఆ యమ్మకి ఏటొచ్చినాది? మొగుడేటైపోనాడు?"

కార్యకర్త నవ్వాపుకుంటూ, "సీరియల్ కాదప్పా, బీపీ మాత్రలు ఏసుకోమని సెప్తన్నాది" అంది. "అదా" అని వాళ్ళు కొంగులు దులుపుకుని లేచారు. హైమ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "బాగా రాశావక్కా. మాట మనవైపుదైపోయింది, అంతే" అంది. ఆ మంచితనానికి ఇంకా మండింది. నా ఏడుపు నన్ను ఏడవనివ్వకుండా అడ్డం పడే మనిషిని ఏం చెయ్యాలి?

సాలూరు

సాలూరులో మనుషుల కంటే లారీలు ఎక్కువ కనిపిస్తాయి. రోడ్డుకి రెండు పక్కలా లారీలు, లారీలకి రంగులేసేవాళ్ళు, టైర్లు మార్చేవాళ్ళు. మేం విజయనగరంలో అద్దెకి తీసుకున్న కారు టైరు కూడా ఆ ఊరి పొలిమేరలోనే పంక్చరైంది. పంక్చరవ్వాలంటే అంతకంటే మంచి చోటు దొరకదు. టైరు వేసినవాడు యాభై రూపాయలు చాలన్నాడు.

ఆ కాసేపూ నేను ఊరుకోలేదు. హైమ టైరు దగ్గర ఉండగా, పక్కనున్న టీ కొట్టు ఆమెని మెల్లిగా పలకరించాను. నా ఆశల్లా ఒక్కటే. నేస్తం, గీస్తం అలాంటివేమీ లేవు, పాతకాలం ముచ్చట అని ఒక్కరు అంటే చాలు.

"నీకు నేస్తం ఉందా అమ్మా?"

"నేకేటి? ఉన్నాది" అంది ఆమె గ్లాసులు కడుగుతూ.

"ఈ రోజుల్లో కూడానా? ఫోన్లు అవీ వచ్చాక..."

"ఫోన్లోనే సెప్తాను. మా ఆయన డ్రైవరు. బండెక్కితే ఎప్పుడొస్తాడో తెల్దు. నాకు జొరమొస్తే ఎవులికి సెప్పుకుంటాను? మా నేస్తానికి సెప్తాను, అది డాక్టరికి ఫోన్ సేస్తాది."

ఫోను వచ్చాక ఆ ఆచారం పోలేదు సరికదా, ఇంకా గట్టిపడింది. హైమ పుస్తకంలో ఈ మాట కూడా ఉంది. టీ బాగుంది, పది రూపాయలు. తాగబుద్ధి కాలేదు.

అరసవల్లి

సాలూరు నుంచి శ్రీకాకుళం దాకా పొలాల్లో వరి కోతలు. అరసవల్లిలో లాడ్జి తీసుకున్నాం. ఆటోవాళ్ళ పిలుపులూ, తలనీలాలిచ్చి గుండ్లతో తిరిగే పిల్లలూ, కొబ్బరికాయల కొట్లూ. అక్కడి గుళ్ళో సూర్యదేవుడి దగ్గరికి జనం ఒంటి బాగు కోసం వస్తారు. కళ్ళు కనిపించాలనీ, చర్మవ్యాధి తగ్గాలనీ మొక్కుకుంటారు. నా ముందు వరసలో ఒకాయన తన కోసం కాదు, తమ్ముడి కోసం పొర్లుదండాలు పెడుతున్నాడు. నేను మాత్రం ఎదుటివాళ్ళ పుస్తకంలో తప్పు చూపించమని దండం పెట్టాను. అడిగేటప్పుడు సిగ్గేసింది, అయినా అడిగాను. హైమ పక్కనే కళ్ళు మూసుకుని నిలబడింది. ఏం కోరుకున్నావని అడిగితే "అందరూ బాగుండాలని" అంది. చూశారా, కోరికలో కూడా నన్ను తక్కువ చేసేసింది.

ఆ ఊరు

ఊరి పేరు చెప్పను. శ్రీకాకుళం నుంచి ఒక పూట ప్రయాణంలో ఉంటుంది. హైమ దిగగానే ఆడవాళ్ళు ఆమెని చుట్టేశారు. ఒకామె నెత్తి మీద చెయ్యి వేసి చిక్కిపోయావంది, ఇంకొకామె చోడి అంబలి తెచ్చింది. రాగుల్ని అక్కడ చోళ్ళంటారు. మావైపు రాగిజావ షుగరొచ్చాక తాగుతారు, వీళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ తాగుతారు. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని పొగ పీల్చే ముసలమ్మ ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఈవిడెవులు?" అంది. హైమ "మా అక్క" అంది. ఆ ఒక్క మాటతో నాకూ ఒక గ్లాసు అంబలి వచ్చింది.

అక్కడే గౌరమ్మని చూశాను. ఆమె అసలు పేరు వేరు. పుస్తకంలో హైమ ఆమెకి పెట్టిన పేరు ఇది, నేనూ అదే వాడతాను. పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆమెదే. పొడగరి, నా ఈడుదే, ముక్కుకి రెండువైపులా పుడకలు. ఆ ఊళ్ళో నేస్తం లేనివాళ్ళకీ, నేస్తం దూరాన ఉన్నవాళ్ళకీ కూడా ఆమే వెంట వెళ్ళి డాక్టరుకి జబ్బు చెప్తుంది. ఊరందరి నోరూ ఆమే.

హైమ అరుగు మీద కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు. మధ్యలో రికార్డరు. నవ్వులు, మాటలు. నేను ఆ గుంపులో కూర్చోలేకపోయాను. వీధి చివర కళ్ళంలో కుప్పలు వేసిన వరి పక్కన, ఎండలో నిలబడి, ఎవరో ఇచ్చిన తేగ నములుతున్నాను. కాసేపటికి గౌరమ్మ నడుచుకుంటూ వచ్చింది.

"ఏటి, అక్కడ నీకు సోటు నేదేటి?"

"చలిగా ఉందని ఎండకి నిలబడ్డాను."

"ఎండకి కాదు. ఆ యమ్మని సూసి ఏడస్తన్నావు."

నేను తేగ నమలడం ఆపేశాను. ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు. "మా తోటికోడలు కొత్త సీర కట్టుకొస్తే నా మొగం ఇలగే అయిపోతాది. అద్దంలో సూసుకున్నాను గాబట్టి తెల్సు" అంది.

కాదనడానికి నోరు తెరిచాను. "అవును" అని వచ్చింది. మా ఆయనకి కూడా ఎన్నడూ ఒప్పుకోని మాట అది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది, జ్వరం ఎన్నాళ్ళనుంచి అన్నట్టు.

"ఇరవై ఏళ్ళు."

"ఓలమ్మ. ముదిరిపోనాది. ఆ యమ్మకి తెల్సా?"

"తెలియదు. ఇలాంటివి ఎవరైనా చెప్పుకుంటారా?"

"నాకు సెప్పినావు కదా" అని ఆమె గడ్డి మోపు మీద కూర్చుని నన్నూ కూర్చోమంది. ఆ తర్వాత నేను ఆగలేదు. పత్రికల దుమ్ము, ఎవరూ చదవని నా పుస్తకం, సీరియలనుకున్న నా వీడియో, డైరెక్టరు కుర్చీ, ఈ ఊరికి తప్పు వెతకడానికే వచ్చానన్న సంగతి, అన్నీ చెప్పేశాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా "పోనీలే" అనలేదు. అందుకు ఆమెకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అంతా విని, "నాకూ ఒక జబ్బున్నాది" అంది. "సెప్పుకోడానికి ఎవులూ నేరు. నా నేస్తం పోనాది. మూడో పంట ఇది, అది పోయి."

"హైమ ఉందిగా? పన్నెండేళ్ళుగా వస్తోంది. ఆమెకి చెప్పకపోయావా?"

"ఆ యమ్మ బంగారం. కాదన్ను. కానీ అడుగుతాది గాని సెప్పదు. ఇన్నేళ్ళల్లో తన మాటొక్కటీ నా దగ్గిర ఎట్టనేదు. మరి నాను ఏ దైర్నంతో నాది ఇస్తాను? నీ ఏడుపు నాకు తెలిసిపోనాది. నాదొకటి నీ దగ్గిరుంటే ఇద్దరం ఒకలికొకలం బయపడి ఉంటాం."

అప్పుడు నా గుండె ఎగిరింది. జాలితో కాదు. దొరికింది అని ఎగిరింది. ఊరందరికీ నోరైన మనిషికి తన జబ్బు చెప్పుకునే నోరు లేదు. ఈ మాట హైమ పుస్తకంలో ఎక్కడా లేదు. అధ్యాయమంతా గౌరమ్మ మీద రాసి, గౌరమ్మ ఎవరికి చెప్పుకుంటుందని ఒక్కసారి అడగలేదు. సూర్యదేవుడు నా మొక్కు అంత తొందరగా విన్నాడేమిటా అనుకున్నాను.

గౌరమ్మ ఊరికే చెప్పేస్తుందనుకున్నాను. ఆమె లేచి ఇంటికి వెళ్ళి బంతిపూలూ, పసుపూ, బెల్లం ముక్కా తెచ్చింది. ఆ కొత్త చీరల తోటికోడలు పళ్ళెం పట్టుకుని వెంట వచ్చింది. ఊరి చివర అమ్మవారి రాయి ముందు ఇద్దరం పువ్వులు మార్చుకున్నాం. నా నుదుటికి ఆమె పసుపు రాసింది, ఆమె నుదుటికి నేను రాశాను. మా తెనాలి వైపు స్నేహం అంటే చిన్నప్పట్నుంచి ఒకరినొకరు ఒసే అని పిలుచుకుంటే సరిపోతుంది. ఇక్కడ దానికి దేవత సాక్ష్యం కావాలి.

"నేస్తం మాట డాక్టరికి తప్ప ఇంకెవులికీ పోకూడదు" అంది బెల్లం నా నోట్లో పెడుతూ. "పోతే అమ్మోరు సూసుకుంటాది."

సరేనన్నాను. అమ్మవారి మీద నాకు అంత నమ్మకం లేదు. కానీ ఆమె నా కళ్ళలోకి చూసిన చూపు ముందు అబద్ధం ఆడటం కష్టం. తోటికోడలు పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాక చెప్పింది. ఏడాదిగా దాస్తోంది. ఆ జబ్బేమిటో మీకు చెప్పను. వింటూంటే నా నోట్లో బెల్లం చేదైంది.

ఆసుపత్రి వరండా

మర్నాడు పొద్దున్నే, పొందూరు వెళ్ళి చీరలు కొనుక్కుంటామని హైమకి చెప్పి, ఇద్దరం ఆటో ఎక్కాం. హైమ "నాకూ ఒకటి తీసుకురండి" అంది. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి. వరండాలో బెంచీల మీద ఎక్కడ చూసినా ఇద్దరిద్దరు ఆడవాళ్ళు. నర్సు మా దగ్గర ఆగింది.

"పేషెంటెవులు?"

గౌరమ్మ గోడ వైపు చూసింది. నేను ఆమెని చూపించాను.

"నువ్వేటవుతావు?"

"నేస్తం" అన్నాను.

నర్సు ఇంకో మాట అడగలేదు. "ఇద్దరూ లోపలికి రండి" అంది. అప్పుడు తెలిసింది, హైమ పుస్తకం అక్షరం అక్షరం నిజమని. తప్పు వెతకడానికి వచ్చినదాన్ని, దానికి రుజువునై కూర్చున్నాను.

లోపల కుర్ర డాక్టరు. గౌరమ్మ నోరు కుట్టేసినట్టు కూర్చుంది. ఊరందరి జబ్బులూ గడగడా చెప్పే మనిషి. నేనేమో ఆరోగ్యం గురించి ఎలా మాట్లాడాలో కొన్ని వందల మందికి పాఠం చెప్పినదాన్ని. ఎక్కడ, ఎప్పట్నుంచి, ఎలా, అన్నీ చెప్పాలి. చెప్పేది నా ఒంటి సంగతి కాదు, అయినా నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. నేను తడబడితే గౌరమ్మ మోచేత్తో పొడిచింది. అంతా చెప్పాను. డాక్టరు పరీక్షలు రాసి, "ముందే రావాల్సింది. అయినా మించిపోలేదు" అన్నాడు. బయటికొచ్చాక గౌరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వు డాక్టరమ్మ ఏసమేస్తే బాగుంటాదే, నేస్తం" అంది. వీడియో సంగతి ఆమెకి చెప్పకుండా ఉండాల్సింది.

తిరిగొస్తూ దారిలో ఒక కొట్లో ఆగి మూడు చీరలు కొన్నాం, మాట నిలబెట్టుకోవాలి కదా. హైమకి కొన్న చీరే బాగుంది. అది చూసి కూడా నాకు కొంచెం కష్టమేసింది.

ఆ తర్వాత రెండుసార్లు నేను ఒక్కదాన్నే శ్రీకాకుళం వెళ్ళొచ్చాను. ఇప్పుడు నా నేస్తం కోలుకుంటోంది. ఇది రాసుకోనా అని అడిగితే, "రాసుకో. జబ్బు పేరొద్దు, ఊరి పేరొద్దు. నా పేరెలాగూ నువ్వు పలకనేవు" అంది. హైమ ఇది చదువుతుంది. చదవనివ్వండి.

గుంటూరు

ఇంటర్వ్యూలో కమిటీ పెద్దాయన నా కాగితాలు పక్కన పెట్టి అడిగాడు: "మీరూ ఆ ఊరు వెళ్ళొచ్చారట. హైమవతిగారి పుస్తకంలో లేనిదేమైనా మీకక్కడ కనిపించిందా?"

ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూశాను. జవాబు నాలుక చివర ఉంది. ఎంత తిప్పి చెప్పినా అది గౌరమ్మ దగ్గరికే వెళ్తుంది. ఆ పుస్తకం చదివిన వాళ్ళకి ఆ ఊరిలో అందరి తరఫునా మాట్లాడే మనిషి ఎవరో తెలుసు. అప్పటికి ఆమె ఇంట్లో వాళ్ళకి కూడా తెలియని సంగతి అది. నా ఎదుట కుర్చీ ఉంది, ఆ కుర్చీ మీద నాకు ఆశ ఉంది, ఆశ లేదని అబద్ధమెందుకు చెప్పాలి?

"లేదండి. అన్నీ ఉన్నాయి" అన్నాను.

పోస్టు హైమకి వచ్చింది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే "పోనీలే" అన్నాడు. ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేస్తంతో మాత్రం ఫోనులో తిట్టుకున్నాను, హైమనీ, కమిటీనీ, ఆమెనీ. అన్నిటికీ ఆమె "ఊఁ" కొట్టింది.

హైమ కొత్త గదిలోకి మారిన రోజు అందరూ పూలగుత్తులిచ్చారు. నేను కూడా ఇచ్చాను, చిన్నది. మధ్యాహ్నం తను నా గదిలోకి వచ్చి నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఊరికి ఫోన్ చేశానక్కా, పోస్టు వచ్చిందని చెప్దామని" అంది. "బావుందమ్మా అంది గౌరమ్మ. ఆ వెంటనే, నా నేస్తం అన్నం తింటన్నాదా అని అడిగింది. ఎవరు నీ నేస్తం అంటే, నువ్వట."

"అవును" అన్నాను.

"పన్నెండేళ్ళు తిరిగాను ఆ ఊరు. వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళాను, చావులకి వెళ్ళాను. ఒక్కరూ నన్ను నేస్తం కట్టుకుంటానని అనలేదు. నువ్వు ఒక్కసారి వచ్చావు, అదీ కళ్ళంలో నిలబడి తేగ తింటూ." హైమ నా బల్ల మీదికి వంగింది. "ఏం చెప్పింది నీకు?"

"చెప్పకూడదు."

"పోనీ నువ్వేం చెప్పావు ఆవిడకి?"

అది నా మాట. నా మాట ఎవరికైనా చెప్పుకోవచ్చు.

"నీ మీద ఏడుస్తున్నానని చెప్పాను" అన్నాను. "ఇరవై ఏళ్ళనుంచీ. తప్పు వెతకడానికే నీ వెంట వచ్చానని కూడా చెప్పాను."

హైమ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూలబడింది.

"ఇంత పెద్ద పోస్టు వచ్చింది" అంది నెమ్మదిగా. "పొద్దుట్నుంచి ఒక్క ముద్ద దిగలేదు. నిన్ను తలుచుకుంటే కడుపు మండిపోతోందక్కా."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"ఇంకోసారి చెప్పు" అన్నాను.